ఆ పాట పెట్టింది నేను

మొన్న మధ్యాహ్నం నెల్లూరులో మా కాలేజీ లైబ్రరీలో కొత్త పుస్తకాలకు నంబర్లు అంటిస్తూ కూర్చుని ఉండగా, స్టాఫ్ వాట్సాప్ గ్రూపులోకి ఒక జాబితా వచ్చింది. నలుపు తెలుపు కాలం నుంచి ఇప్పటి వరకు, పాటల కోసమే జనం మళ్ళీ మళ్ళీ చూసిన సినిమాలను దశాబ్దాల వారీగా పేర్చి, ఎవరికి నచ్చినదానికి వాళ్ళు ఓటు వేయమన్నారు. సెలవుల గురించి తప్ప ఎప్పుడూ నోరు విప్పని వాళ్ళు కూడా ఆ రోజు చిన్నపిల్లల్లాగా పోట్లాడుకున్నారు. నేను ఆ గ్రూపులో దండం బొమ్మ తప్ప మరేమీ పెట్టే మనిషిని కాను. జాబితాను మెల్లగా కిందికి జరుపుకుంటూ పోయి, పాత సినిమాల్లో ఒక పేరు దగ్గర ఆగిపోయాను. ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే మీలో చాలామందికి వెంటనే ఒక పాట గుర్తొస్తుంది. అది మంచి పాట, దాని తప్పేమీ లేదు.

మా నాయనది మైకు సెట్టు. జువ్వలదిన్నె నుంచి తీరం వెంబడే కిందికి వస్తే కనిపించే చిన్న చిన్న చేపల పల్లెల్లో ఒకటి మాది. మా తాత, ఆయన తండ్రి అందరూ వేటకు పోయిన వాళ్ళే గానీ, నాయనకు మాత్రం పడవ అల మీదికి ఎక్కిందంటే వాంతులు. వయసులో ఉన్నప్పుడు ఆయన్ని ఊరంతా ఎగతాళి చేసేదని మా అమ్మ నవ్వుతూ చెప్పేది. సముద్రం తనకు పడదని తేలాక నాయన కావలిలో ఒక ఆసామి దగ్గర పని నేర్చుకుని, రెండు బూరలు, ఒక ఆంప్లిఫయరు, ఒక టేపు రికార్డరు సంపాదించుకున్నాడు. ట్రంకు పెట్టె నిండా క్యాసెట్లు ఉండేవి. దాని అడుగున పాత దుప్పటిలో చుట్టిన నల్లటి గ్రామఫోను ప్లేట్లు ఉండేవి, అవి అరిగిపోయినా పారేయనిచ్చేవాడు కాదు. పెళ్ళి, పేరంటం, అమ్మవారి తిరునాళ్ళ, ఏది జరిగినా మా చుట్టుపక్కల నాలుగు పల్లెల్లో సరుగుడు గుంజకు బూర కట్టేది నాయనే. అలా మొదటి పాట మోగగానే, గట్టు మీద వల బాగు చేసుకుంటున్న వాళ్ళు కూడా తలెత్తి, మైకాయన వచ్చేసినాడబ్బా అనుకునేవాళ్ళు.

పాటలు పెట్టడం ఒక పని అని మన తరం వాళ్ళలో కొందరికైనా గుర్తుండి ఉంటుంది. నాయన లెక్క ప్రకారం పెళ్ళింటి రోజుకు ఒక వరస ఉండేది. తెల్లవారగానే దేవుడి పాటలు, ఎండ కాస్త ఎక్కేసరికి ముసలివాళ్ళ కోసం నలుపు తెలుపు సినిమాల పాటలు, వాటిలో పద్యాలుంటే మరీ మంచిది. మేళం మోగేటప్పుడు మైకు నోరు మూసుకోవాలి. వడ్డనలప్పుడు రంగుల సినిమాల యుగళగీతాలు, కుర్రాళ్ళు అరిస్తే ఆ ఏడాది వచ్చిన డాన్సు పాట ఒకటో రెండో. సంగీతం, నాట్యమే కథగా తీసిన సినిమాలు ఒక కాలంలో వచ్చాయి కదా, ఆ పాటలను ఆయన సాయంకాలం చల్లబడ్డాక మాత్రమే పెట్టేవాడు. రాగం పేరు తెలియని ఆడవాళ్ళు చాటలో చేపలు అలాగే వదిలేసి, గడపలో కూర్చుని వినడం నేను చూశాను. అన్నిటి కంటే ముఖ్యమైన నియమం ఒకటి ఉండేది. సినిమా చూడకుండా ఆ పాట బయట పెట్టకూడదు.

“పాట ఒక్కటే వస్తాదనుకోవాకు పాపా, దాని వెనకాల్నే సినిమా కూడా వస్తాది,” అనేవాడు.

నేను విన్నాను, అర్థమైందనే అనుకున్నాను.

నేను చిన్నప్పటి నుంచి మనుషుల ముందుకు రావాలంటే ముడుచుకుపోయేదాన్ని. టీవీ ఉన్న ఇంటికి అందరూ పోయి కూర్చున్నా, నేను గుమ్మం దాకా పోయి తిరిగొచ్చేసేదాన్ని. నాకు సినిమాలంటే నాయన నెల్లూరు నుంచి తెచ్చే పాటల పుస్తకాలే. పల్చటి కాగితాలు, వేలికి అంటుకునే సిరా, మొదటి పేజీలో సగం కథ, ఆ తర్వాత పాటలు. ఏ సినిమా ఏ కాలానిదో, ఏ పాట ఎవరి నోట వస్తుందో నా డైరీ వెనక పేజీల్లో వరసగా రాసుకునేదాన్ని. చదువు అంతగా లేని నాయన ఆ పేజీలు చూసి మురిసిపోయి, పదేళ్ళప్పుడు క్యాసెట్ల మీద పేర్లు రాసే పని, పన్నెండేళ్ళు వచ్చేసరికి తనతో పాటు వచ్చి ఆంప్లిఫయరు పక్కన కూర్చునే పని నాకు ఇచ్చాడు. దుప్పటి కట్టిన చాటు వెనక ఎవరికీ కనపడకుండా కూర్చుని, ఊరంతటికీ వినపడేలా పాట పెట్టడం నాకు ఎంత బాగుండేదో చెప్పలేను.

ఆ ఏడాది మా వీధి చివరింటి అక్కకు పెళ్ళయింది. నాతో విసుక్కోకుండా మాట్లాడే మనిషి ఊళ్ళో ఆమె ఒక్కతే. పెళ్ళికొడుకుది పక్క పల్లె. తాళి కట్టాక జంట ఇసుక మీద నడుచుకుంటూ ఆ పల్లెకు పోవాలి, వెనకాల ఆడవాళ్ళు సారె తట్టలతో నడుస్తారు. ఆ నడకకు ఒక మంచి పాట పెట్టాలని నేను వారం రోజులు వెతికాను. చివరికి ఒక పాత పాట దొరికింది. కొత్త కోడలి పసుపు పాదాలు, గడపలో దీపం, నీటి మీద పోయిన భర్త కోసం ఒడ్డున ఎదురుచూపు. అక్క కోసమే రాసినట్టు అనిపించింది. పుస్తకం మొదటి పేజీలో కథ చదివాను. వాళ్ళ పెళ్ళి, కాపురం, భర్త పడవెక్కడం దాకా రాసి, మిగతా వెండితెర మీద చూడమని వదిలేశారు. అన్ని పుస్తకాలూ అలాగే వదిలేస్తాయి, నేను మిగతాది మంచే అయి ఉంటుందనుకున్నాను.

జంట బయలుదేరే వేళకు గాలికి ఒక బూర తిరిగిపోయింది. నాయన దాన్ని సరిచేయడానికి గుంజ దగ్గరికి పోయాడు. నేను ఆయన్ని అడగకుండా ఆ క్యాసెట్టు పెట్టాను.

మొదటి చరణం దాకా ఏమీ కాలేదు. రెండో చరణంలో దుప్పటి సందు నుంచి చూస్తే, తట్టలు మోస్తున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోతున్నారు. ఒక పెద్దావిడ తట్ట ఇసుక మీద దించేసి రెండు చేతులతో గుండె పట్టుకుంది. ఒకప్పుడు ఇదే ఒడ్డున గుడారం వేసి ఆ సినిమా ఆడించారట. ఆ పాట చివర పడవ ఒక్కటే తిరిగొస్తుందట, మనిషి ఉండడట. ఇసుకలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చిన ఆ నాటి పిల్లలే ఈ తట్టలు మోసే పెద్దవాళ్ళు. నా పుస్తకంలో పాట ఉంది గానీ ఆ పడవ లేదు.

“ఎవుర్రా ఆ పాట పెట్టింది? ఆపండ్రా! నా బిడ్డ రేపు ఏటకు పోవాల్సినోడు,” అని పెళ్ళికొడుకు తల్లి కేక పెట్టింది.

నాయన గుంజ దిగి పరుగెత్తుకొచ్చి టేపు ఆపేశాడు. చాటు వెనక నన్ను ఒక్క క్షణం చూశాడు. తర్వాత బయటికి పోయి చేతులు జోడించి అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

“నేనే పెట్టినానమ్మా. చూసుకోకుండా పెట్టినా. తప్పే.”

“ఇన్నేళ్ళు మైకు కట్టినావే, ఆ మాత్రం తెలవదా నీకు? సముద్రం మీదికి పోనోడికి మా కడుపుకోత ఏం తెలుస్తాది!” అంది ఆమె.

నాయన తల వంచుకుని నిలబడ్డాడు. నేను దుప్పటి పక్కకు తీసి, కాదు నేను అని ఒక్క మాట అంటే సరిపోయేది. పన్నెండేళ్ళ పిల్లను ఎవరు మాత్రం ఏమంటారు? కానీ నేను దుప్పటి చాటునే కూర్చుండిపోయాను. ఆ రోజు డైరీలో పెళ్ళి భోజనం గురించి మాత్రమే రాశాను, పాయసం బాగుందని.

పెళ్ళయిన పదకొండో రోజున వేటకు పోయిన అక్క భర్త పడవ తిరిగి రాలేదు. రెండు రోజులు రెండు పల్లెల వాళ్ళూ ఒడ్డునే ఉన్నారు. మైకాయన పాట పెట్టి మరీ సాగనంపినాడు గదా అన్న మాట గుంపులో ఎక్కడో పుట్టి అందరి నోళ్ళలోకీ పోయింది. నాయన అందరికీ ఎడంగా, నీళ్ళు పాదాలు తడిపే చోట నిలబడి తిండి కూడా తినకుండా చూస్తూ ఉండిపోయాడు. అక్క పసుపు తాడు పిడికిట్లో పట్టుకుని కూర్చుని ఉంది. నేను ఆమె దగ్గరికి నాలుగడుగుల దూరం దాకా పోయి తిరిగొచ్చాను.

మూడో రోజు పొద్దున ఇంజను చెడిపోయి శ్రీహరికోట వైపు కొట్టుకుపోయిన ఆ పడవను వేరే బోటు లాక్కొచ్చింది. అందరూ క్షేమం. ఒడ్డంతా ఏడుపులు, నవ్వులు కలిసిపోయాయి. తిరిగొచ్చిన మనిషిని అందరూ తడిమి చూసుకున్నారు, అన్న మాటను వెనక్కి తీసుకోవడం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

ఎవరూ పోట్లాడలేదు, పిలవడం మానేశారంతే. తిరునాళ్ళకు కావలి నుంచి పెద్ద స్పీకరు బాక్సులు వచ్చాయి. నాయన ఒక ఏడాది చూసి బూరలు అమ్మేసి, రేవులో ఐసు గడ్డలు కొట్టే పనికి చేరాడు.

“బాక్సులు వచ్చేసినాయి గదా పాపా, ఈ బూరలు ఇంకెవురికి కావాల,” అని నాతో తేలిగ్గా అనేవాడు.

అది నిజమే కావచ్చు. ఎటూ పోయే పనే, నా వల్ల కాస్త ముందుగా పోయిందేమో. కానీ వంట చేస్తున్న అమ్మ వెనక నిలబడి చరణాలు అందుకునే మనిషి, ఆ తర్వాత కూనిరాగం తీయగా నేను వినలేదు. నన్ను ఒక్కసారి కూడా ఆ పాట సంగతి అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

రెండేళ్ళ కింద నాయన పోయాడు. దినాల నాడు అక్క వచ్చి, పెరట్లో నాతో పాటు గిన్నెలు తోముతూ కూర్చుంది. ఇప్పుడామెకు ఇద్దరు పిల్లలు, రేవులో చేపల వేలం పాడే గొంతు ఆమెది. ఎలా నోరు వచ్చిందో తెలియదు, ఆ పాట పెట్టింది నేనని చెప్పేశాను. ఆమె చేతిలోని గిన్నె పక్కన పెట్టింది.

“నేనూ ఆ సినిమా చూడలా మే. పాట బాగుండాదే, నా కోసమే పెట్టినారే అనుకుంటా నడస్తా ఉంటే సగంలో ఆపేసినారు. మీ నాయన బతికుండంగా చెప్పకపోయినావా, ఇంటికి పిలిపించి మళ్ళా పెట్టించుకోని ఉందును గదా.”

ఆమె మళ్ళీ ఆ గిన్నె అందుకుంది. గిన్నెలు చాలా ఉన్నాయి.

ఇప్పుడు మా ఊళ్ళో పడవల మీద కూడా పాటలు వింటారు, ఎవరి చెవిలో పాట వాళ్ళది. ఏది పెట్టినా పక్కవాడికి తెలియదు, ఎవరి గుండే ఆగదు, ఎవరూ అరవరు. ఏ పాట తర్వాత ఏది రావాలో ఎక్కడో ఒక మిషను చూసుకుంటుందట. అది పొరపాటున మన మనసు కోసినా, ఇసుకలో పరుగెత్తుకొచ్చి, చేతులు జోడించి, తనది కాని తప్పును తన మీద వేసుకునే మనిషి దాని వెనక ఎవరూ ఉండరు.