పెదనాయన పాటలో పెదనాయన లేడు

మెడలో హెడ్‌ఫోన్లు వేలాడుతుంటే చాలు, మనిషి సగం సంగీత దర్శకుడైపోయినట్టేనని నేను గట్టిగా నమ్మిన రోజులవి. నంద్యాలలో ఒక బట్టల కొట్టు మేడ మీద ఉన్న చిన్న రికార్డింగ్ స్టూడియోలో నాకు ఉద్యోగం. చర్చి పాటలు, పెళ్లి వీడియోల వెనక వచ్చే పాటలు, ఎన్నికలొస్తే ప్రచారం పాటలు, అన్నీ నా చేతి మీదుగానే వెళ్లేవి. ఎవరైనా "ఏం పని చేస్తాండావప్పా" అని అడిగితే "సౌండ్ ఇంజినీర్" అని చెప్పి, వాళ్ల ముఖంలో మార్పు కోసం ఒక క్షణం ఆగేవాణ్ణి. (సాధారణంగా ఏ మార్పూ ఉండేది కాదు. ఒకాయన మాత్రం "మా ఇంట్లో మిక్సీ చెడిపోయింది, చూస్తావా" అన్నాడు.)

మా పెదనాయనది ఆళ్లగడ్డ. హైస్కూల్లో లెక్కల మాస్టరుగా చేసి రిటైరయ్యాడు గానీ, ఊళ్లో ఆయన గిటారు మాస్టరే. ఆదివారం చర్చిలో వాయించేవాడు. సెలవులొస్తే పెద్ద పెద్ద సినిమా గాయకులతో కచేరీలకు ఊరూరా తిరిగేవాడు. అరవై ఎనిమిదో ఏట ఆయనకో కోరిక పుట్టింది. ఇన్నేళ్లూ తాను ఎవరెవరి వెనక కూర్చుని వాయించాడో, వాళ్లందర్నీ ఇప్పుడు తన పాటలకు అతిథులుగా పిలవాలి. ఆరు పాటలు, ఆరుగురు అతిథులు. "ఒక్క ఆల్బమ్మప్పా. వేళ్లు వంకర్లు పోకముందే చేసేస్తా" అన్నాడు. రికార్డింగ్ బాధ్యత నాకప్పగించాడు.

ఆశ్చర్యమేమిటంటే, అడిగిన వాళ్లందరూ ఒప్పుకున్నారు. చెన్నై నుంచి వేణువు, హైదరాబాదు నుంచి వయొలిన్, ఎవరి వంతు వాళ్లు రికార్డు చేసి పంపించారు. ఒక్క గాయని మాత్రం అలా పంపడానికి ఒప్పుకోలేదు. తెలుగు నేల మీద ఆమె గొంతు వినని ఇల్లు ఉండదు. "మాస్టారు ఎదురుగా కూర్చుని వాయిస్తేనే పాడతాను. అహోబిలం వస్తున్నాను, దారిలో మీ ఇంటికే వస్తా" అంది.

ఇక చూడండి నా హడావిడి. కొత్త చొక్కా కొన్నాను. నంద్యాల నుంచి ల్యాప్‌టాపు, రెండు మైకులు, వైర్ల సంచి ఒళ్లో పెట్టుకుని బస్సులో ఆళ్లగడ్డ చేరాను. పెదనాయన గది గోడలకు ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ వేలాడదీశాం. పక్క సందులో విగ్రహాలు చెక్కేవాళ్ల ఉలి చప్పుడు వినిపిస్తుంటే పెద్దమ్మ పోయి, "ఒక గంట ఆపండి నాయనా, పుణ్యముంటాది" అని బతిమాలింది. వాళ్లు ఆపడమే కాదు, ఒంటి నిండా రాతిపొడితో వచ్చి మా గడప బయట కూర్చున్నారు. "ఆపినోళ్లం, వినకుండా పోతామా" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

ఆమె వచ్చింది. కాళ్లు కడుక్కుని, మజ్జిగ తాగి, పెదనాయన ఎదురుగా కుర్చీలో కూర్చుంది. ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. ఆమె గొంతుకో మైకు, గిటారుకో మైకు. ల్యాప్‌టాపులో రెండింటికీ చెరో ఎర్ర చుక్క ఉంటుంది, రికార్డు కావాలంటే రెండూ నొక్కాలి. మొదటిది నొక్కాను. సరిగ్గా అప్పుడే ఆమె నా వైపు తిరిగి, "బాబూ, మొదలుపెట్టమంటావా?" అంది. నన్నే అడిగింది. నా అనుమతి. నేను కళ్లు సగం మూసి, గంభీరంగా తల ఊపాను. (రెండో చుక్క అలాగే ఉండిపోయింది.)

ఆమె పాడిన తీరు, పెదనాయన వాయించిన తీరు ఏమని చెప్పను. గడప బయట ఎవరూ కదల్లేదు. ఒక్కసారికే పాట కుదిరింది. ఆమె లేచి పెదనాయన చేతులు కళ్లకద్దుకుని, కారెక్కి వెళ్లిపోయింది.

నంద్యాల చేరి పాట పెట్టి చూస్తే, ఆమె గొంతు దివ్యంగా ఉంది. గిటారు లేదు. ఆమె మైకులోకి కాస్త జారిపడిన శబ్దం మాత్రం, పక్క వీధిలో ఎవరో వాయిస్తున్నట్టు, లీలగా వినిపిస్తోంది. నొక్కని రెండో చుక్క అప్పుడు గుర్తొచ్చింది.

మూడు రోజులు పెదనాయన ఫోన్ చేస్తూనే ఉన్నాడు. "ఏమప్పా, పాట యాడికొచ్చింది?"

"మిక్సింగ్‌లో ఉంది పెదనాయనా."

(దేనితో ఏది మిక్సింగో ఆ దేవుడికే తెలియాలి.)

నాలుగో రోజు ఆయనే బస్సెక్కి వచ్చేశాడు. ఒక చేతిలో గిటారు, ఇంకో చేతిలో పెద్దమ్మ బొరుగులతో చేసి పంపిన ఉగ్గాని క్యారియర్. కుర్చీ లాక్కుని "వినిపియ్యి" అన్నాడు. దారి లేక వినిపించాను. కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"ఆయమ్మ శానా బాగా పాడిందప్పా," అన్నాడు. "మరి నేను యాడున్నా?"

అంతా చెప్పేశాను. చుక్క సంగతి, తల ఊపిన సంగతి, మూడు రోజుల అబద్ధాలు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తిడతాడనుకున్నాను. భుజాలు ఊగుతుంటే చూశాను, నవ్వుతున్నాడు.

"రెండు చుక్కలు లెక్కబెట్టడం రాలేదా రా నీకు. లెక్కలు చెప్పింది నేనే గదా, ఇంగ ఎవర్ని అనాల."

"ఆమెను మళ్లీ పిలుద్దామా పెదనాయనా?"

"ఎందుకు? ముప్పై ఏండ్లు ఆయమ్మ ఎనకాలే వాయించినా. యాడ ఊపిరి తీసుకుంటాదో నాకు తెల్దా? పెట్టు."

గిటారు ఒళ్లోకి తీసుకున్నాడు. ఈసారి రెండు చుక్కలూ, అవసరం లేకపోయినా, నాలుగుసార్లు చూసుకున్నాను. ఆమె ఆగిన చోట ఆగాడు, సాగదీసిన చోట సాగాడు. లీలగా వినిపించే తన గిటారు పక్కనే, మళ్లీ తానే నడిచాడు. అయిపోయాక ఇద్దరం ఒకే క్యారియర్లో ఉగ్గాని తిన్నాం.

ఆల్బమ్ బయటికొచ్చాక ఆమె ఫోన్ చేసింది. "మాస్టారూ, దూరంగా ఇంకో గిటారు వినిపిస్తోంది, ఎంత బాగుందో. ఎవరిచేత వాయించారు?"

"రెండూ నేనేలేమ్మా. ఒకటి మీ ముందర వాయించింది, ఇంగోటి మీరు పోయినాక వాయించింది" అన్నాడు, నా వైపు చూడకుండా.

ఇప్పుడు నాకు సొంత స్టూడియో ఉంది. ఆళ్లగడ్డ పోతున్నప్పుడల్లా కారులో ఆ పాట పెట్టుకుంటాను. రెండో చరణం చివర, జాగ్రత్తగా వింటే, ఆమె గొంతు వెనక ఎవరో మెల్లగా "ఆహా" అంటారు. అది నేనే. పైకి అన్నానని అప్పుడు నాకే తెలియదు. తీసేస్తానంటే పెదనాయన ఒప్పుకోలేదు. "ఉండనీరా, ఏడో అతిథివి నువ్వు" అన్నాడు. ఆ చోటొచ్చినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. పాపం, ఆ ఇరవై మూడేళ్ల సౌండ్ ఇంజినీరుకు ఏ చుక్క నొక్కాలో తెలియకపోయినా, ఎక్కడ ఆహా అనాలో మాత్రం సరిగ్గా తెలిసింది.