లారీ బద్దల యుకులేలే

ఆ రోజుల్లో నాకు రాని పనంటూ ఉండేది కాదు, దాని మీద ఒక వీడియో ఉంటే చాలు. కొత్తగా ఉద్యోగంలో చేరాను, సాయంత్రాలు ఖాళీ, గర్వం మాత్రం నిండుగా ఉండేది. మా చర్చి క్వయర్‌లో గిటార్ వాయించే ఆయనకు బదిలీ అయింది. ఆ చోటులోకి యుకులేలే (నాలుగు తీగల బుల్లి గిటార్ అనుకోండి) సొంతంగా చేసుకుని వస్తానని అందరి ముందూ ప్రకటించాను. కొనుక్కోవడం చేతకానివాళ్ల పని అని కూడా అన్నాను. క్వయర్ నడిపే అక్క నన్ను ఎగాదిగా చూసి, "క్రిస్మస్‌కి అది మోగితే ముందు వరసలో కూర్చో తమ్ముడూ. మోగకపోతే కుర్చీలు సర్దే పని నీదే" అంది.

ముందు కర్ర. పైపలకకు తేలికైన చెక్క వాడమని వీడియోలో ఆయన మొత్తుకుంటూనే ఉన్నాడు. పాపం, ఆయనకు మన టేకు గురించి ఏం తెలుసని జాలిపడ్డాను. టింబర్ డిపోలో ఒక్కో పలకనూ వేలితో కొట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాణ్ణి. డిపో ఆయన కాసేపు ఓపిక పట్టి, "ఏమంటోందండీ?" అని అడిగాడు. (ఏమీ అనలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.) పలకను పల్చగా చెక్కించి, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మా బాబాయి దగ్గర ఇనప క్లాంపులు తెచ్చి, జిగురు పూసి బిగించాను. పలకలు కదలకుండా ఉంటే చాలు, గట్టిగా బిగించొద్దన్నాడు వీడియో ఆయన. నేను పళ్లు బిగపట్టి మరో చుట్టు తిప్పాను. పలక నిలువునా చీలింది.

క్రిస్మస్‌కు పది రోజులే ఉన్నాయి. పరువు పోతుందన్న భయంతో రెండో పలక బాబాయి చేతిలో పెట్టాను. లోపల అంటించే బద్దలు పుల్లల్లా సన్నగా ఉండాలని చెప్పబోతే ఆయన వినలేదు. "లోడెంత?" అన్నాడు. లోడేమీ లేదు, తీగలు లాగుతాయి అన్నాను. "లాగుతాయా? అయితే ఈ పుల్లలేం ఆపుతాయిరా. పక్కనున్న కంకిపాడు దాటకముందే ఊడిపోద్ది" అని, బొటనవేలంత లావు టేకు బద్దలు అడ్డంగా ఐదు, నిలువుగా మూడు వేసి తనే బిగించాడు. పలక చీలలేదు. ఆ సంతోషంలో, అది మోగుతుందా అన్న ఆలోచనే నాకు రాలేదు. తీగలు కట్టింది పండగ రోజు పొద్దున.

ఆరాధనలో మైకు ముందు నిలబడి మీటాను. ఎవరో తలుపు తట్టారనుకుని ఒక పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు. ఇంకాస్త గట్టిగా మీటితే తీగ తెగింది, బద్దలు మాత్రం కదల్లేదు. అక్క కుర్చీల వైపు చూసింది, అంతే.

అప్పటి నుంచీ కుర్చీలు నావే. మొన్న క్రిస్మస్‌కు, ఒక్కతే పాడాల్సిన చిన్నపాపకు మైకు అందలేదు. "తమ్ముడూ, నీ యుకులేలే ఇంకా ఉందా?" అంది అక్క. దాని మెడ ఎప్పుడో ఊడదీశాను. బండి మీద ఇంటికెళ్లి, మిగిలిన పెట్టె తెచ్చి ముందు వరసలో బోర్లా వేశాను. పాప దాని మీద నిలబడి పాట మొత్తం పాడింది. పెట్టె ఒక్కసారి కూడా కిర్రుమనలేదు. చివరి వరసలో కుర్చీ పట్టుకుని వింటుంటే, డిపోలో కళ్లు మూసుకుని నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. నవ్వొచ్చింది. ఒకటి కొనుక్కోరా నాయనా అని వాడికి చెప్పాలనిపించింది. చెప్పినా వినడు. వాడి చెవి పలక మీద ఉంది.