కాజాల అత్తయ్య చెప్పిన సాక్ష్యం

మా మేనత్తను అందరూ కాజాల అత్తయ్య అనేవారు. దర్జీ కొట్టులో ముప్పై ఏళ్లు ఆమె చేసింది ఒకటే పని: చొక్కాలకు చేత్తో కాజాలు కుట్టడం, గుండీలు బిగించడం. మామయ్య పోయాక మా ఇంటికొచ్చేసిన ఆమెను నిలబెట్టినవి రెండే. కొట్టులో కిటికీ పక్క స్టూలు, ఆదివారం చర్చి. ఆమె ఖర్మకొద్దీ రెండింటికీ పెద్ద ఒక్కడే. కొట్టు యజమానే మా సంఘపెద్ద.

యాభై అయిదో ఏట ఆమె కళ్లు మసకబారాయి. పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు తేల్చేశాడు. కుట్టు వేళ్లకు తెలుసు కాబట్టి పర్వాలేదు గానీ, కాజా ఎక్కడ పడాలో చెప్పే చాక్‌పీసు గీతలు ఆమెకు ఆనడం లేదు. నోరు మూసుకుని ఉంటే ఇంకొన్నాళ్లు నెట్టుకొచ్చేది. కానీ ఆమె కడుపులో మాట దాగదు, వెళ్లి యజమానికే చెప్పింది. ఆయన నెలాఖరు దాకా చూద్దాం, దేవుడు గొప్పవాడు అన్నాడు. ఆ మాట అంటూ చేతులు దులుపుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

సంఘంలో ఆమె కోసం మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టారు. మూడో రోజు పాస్టరుగారి చొక్కా చేతికున్న గుండీ ఊడిపడింది. అత్తయ్య అలవాటు కొద్దీ సంచిలోంచి సూది తీసి, ఒక్కసారికే దారం ఎక్కించి, గుండీ కుట్టేసింది. చీకట్లో కూడా దారం ఎక్కించే మనిషి ఆమె. చూస్తున్న ఆడవాళ్లకు అది తెలియదు. చూపొచ్చిందని ఒకామె ఏడుస్తూ లేచింది, మిగతావాళ్లు అందుకున్నారు. చూపు కాదమ్మా, వేళ్ల అలవాటు అని అత్తయ్య మొత్తుకున్నా వినే నాథుడు లేడు. దేవుడు చేసిన మేలు గురించి ఆదివారం ఆమె అందరి ముందు సాక్ష్యం చెబుతుందని అప్పుడే ప్రకటించేశారు.

శనివారం యజమాని మా ఇంటికొచ్చాడు. స్వస్థత పొందిన మనిషిని పనిలోంచి ఎలా తీసేస్తాను, రేపు సాక్ష్యం చెప్పు, గీతలు చూసి చెప్పడానికి ఇంకొకరిని పెడతాను అన్నాడు. ఆ ఇంకొకరిని అంతకుముందే పెట్టొచ్చని ఆయనకు ఎందుకు తట్టలేదో! ఒక్క మాటేగా, చెప్పేయమని నేనూ అన్నాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఆ పూట అత్తయ్య అన్నం ముట్టలేదు.

ఆదివారం మైకు చేతికిచ్చారు.

"మూడు రోజులు మీరంతా నా కోసం పస్తులున్నారు. అది మర్చిపోను. కానీ నాకు చూపు రాలేదు. ఇప్పుడు ఈ మైకు ఇచ్చిందెవరో కూడా నాకు తెలీదు. దేవుడింట్లో నిలబడి దేవుడి పేరు మీద అబద్ధం చెప్పలేను."

పాస్టరుగారు మైకు అందుకుని పాట ఎత్తుకున్నారు. ఆవగింజంత విశ్వాసం కూడా లేకపోతే దేవుడు మాత్రం ఏం చేస్తాడని నా వెనక ఎవరో గొణిగారు. ఆమెను పట్టుకుని ఏడ్చినవాళ్లే బయటికి వెళ్లేటప్పుడు పక్కకు తప్పుకున్నారు. సోమవారం కిటికీ పక్క స్టూలు మీద వేరే మనిషి కూర్చుంది.

ఇక చర్చి గడప తొక్కదనుకున్నాను. మరుసటి ఆదివారం పొద్దున్నే తయారై చెప్పుల కోసం తడుముతోంది. నాకు ఒళ్లు మండింది. ఇంత జరిగాక కూడా ఏ మొహం పెట్టుకుని వెళ్తావు, వాళ్ల మొహాలు ఎలా చూస్తావని అడిగాను.

"వాళ్ల మొహాలు చూడటానికి నాకు కళ్లెక్కడివే? చూపిమ్మని దేవుణ్ణడిగాను, ఆయన కాదన్నాడు. ఎందుకు కాదన్నాడో చెప్పేదాకా ఆయన్ని వదల్ను. నడు, ఆలస్యమైతే ముందు వరస దొరకదు."

చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ముందు వరసలోనే కూర్చోబెట్టి, పక్కన నేను కూర్చున్నాను. ఆరాధన మొదలైంది. మా వరసలోకి ఇంకెవరూ రాలేదు. అత్తయ్య నా చెవి దగ్గరికి వంగి, వరసంతా నిండిందా అని అడిగింది.

నిండిందత్తయ్యా అన్నాను.