చెంప ఆనించి చూసే పెయింటరు

తెనాలిలో మేం ఇల్లు కట్టుకునేటప్పుడు, ఇనుప కిటికీ ఫ్రేములకు రంగు వేయడానికి రేపల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. ఉప్పుకాగితంతో తుప్పు రుద్ది, గుడ్డతో తుడిచి, ఒక్కో ఫ్రేముకీ చెంప ఆనించి కళ్లు మూసుకునేవారు. ఆ తర్వాతే ఎర్ర ప్రైమరు డబ్బా మూత తీసేవారు. ఎందుకలా చేస్తారో నాకు అర్థమయ్యేది కాదు.

ఒకరోజు వాన వెలిశాక, మర్నాడే ఫ్రేములు గోడల్లో పెట్టాలని మేస్త్రి తొందరపెట్టాడు. పెద్దాయన చెంప ఆనించి చూశారు.

"ఇంకా చెమ్మ ఉందండి. ఇప్పుడేస్తే లోపల్లోపలే తుప్పు పడుద్ది."

"చేత్తో ముట్టుకుంటే తెలీదా బాబాయ్?" అన్నాను.

ఆయన అరచేతులు చూపించారు. గీతలు అరిగిపోయి నున్నగా ఉన్నాయి.

"వీటికేం తెలియట్లేదమ్మా, చాలా ఏళ్లయింది. ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదు."

మేస్త్రి గోడ పని రెండు రోజులు ఆపేశాడు.