పలకముక్కల గోడ

మొన్న మా మనవరాలు ఫోనులో ఎవరిదో పట్నం ఇంటి హాలు చూపించింది. గోడ నిండా రంగురంగుల పలకరాళ్లు, వాటి మధ్య పాత అద్దాలు, ఇత్తడి గంటెలు, ఒకదానితో ఒకటి పొంతన లేనివన్నీ. "ఇప్పుడు ఇదే మోడ్రన్ అవ్వా. ఆ రాళ్లు మన మార్కాపురానివేనంట," అన్నది. ఫోను తిరిగి ఇచ్చేశాను. ఎక్కువసేపు చూడలేకపోయాను.

మా అత్త వయసంతా పలకల ఫ్యాక్టరీలో పనిచేసింది. సాయంత్రం విరిగిన ముక్కలు కొంగులో కట్టుకొచ్చి మట్టిగోడలో పొదిగేది. పొయ్యి పక్కన రాగిరంగు గరుకు ముక్కలు, నీళ్ల కుండ దగ్గర అంచులు అరగదీసిన గాజుపెంకులు, వాకిలి పక్కన నున్నటి నల్లవి, తన మంచం దగ్గర డబ్బా మూతలు, చొక్కా గుండీలు. దొనకొండ నుంచి వచ్చిన మా అక్క చూసి, "ఏందే ఇది, తిరునాళ్ల అంగడి మాదిరి," అని నవ్వింది. వాళ్లింట్లో తెల్లటి సిమెంటు గోడ, దానికొక గడియారం, అంతే. మోడ్రన్ అంటే అదని నేను నమ్మాను.

క్రిస్మస్ ముందు మా పేటలో ప్రతి ఇంటికీ సున్నం పడాలి. ఆ ఒక్క గోడకు మాత్రం అత్తే వేసుకునేది. గుడ్డపీలిక సున్నంలో ముంచి ముక్కముక్క చుట్టూ పూసేసరికి ఆమెకు రెండు రోజులు పట్టేది, మాకు వంట ఆలస్యమయ్యేది. ఒక ఏడు ముక్కల మీద కూడా సున్నం పడితే ఓపిక తగ్గిందనుకున్నాను. చర్చికి నా భుజం పట్టుకుని నడుస్తుంటే వయసనుకున్నాను.

ఆ మరుసటేడు ఆమె నాలుగు రోజులు గిద్దలూరులో కూతురింటికి పోయింది. నేను మేస్త్రిని పిలిపించాను. "అమ్మ వచ్చినాక చూద్దాంలే," అన్నాడు మా ఆయన. "వచ్చినాక చేయనిస్తదా?" అన్నాను. ముక్కలన్నీ పెరికించి, గోడకు నున్నగా సిమెంటు మెత్తించి, తెల్లరంగు వేయించాను. పెరికిన ముక్కలను ట్రాక్టరులో తీసుకుపోయి రోడ్డు గుంతలో పోశారు.

అత్తను అల్లుడు వాకిట్లో దింపి వెళ్లాడు. ఆమె గడప దాటి గోడ మీద చెయ్యి పెట్టింది. పైకి తడిమింది, కిందికి తడిమింది. రెండడుగులు వేసి ఆగిపోయింది.

"ఎవరింటికి తెచ్చినారే పిల్లా నన్ను?"

"మనిల్లే అత్తా. సిమెంటు చేయించినా. ఎంత తెల్లగుందో చూడు."

"నాకేం కనపడతాదే. రెండేండ్లాయె. చెప్తే పొయ్యికాడికి రానీరని చెప్పలే."

ఇంటి నడుమ రెండు చేతులూ చాచి నిలబడింది. నేను గుంత దగ్గరికి పరుగెత్తాను. పైన అప్పటికే మట్టి తోలేశారు. గోళ్లు విరిగేదాకా తవ్వితే పదకొండు ముక్కలు దొరికాయి. తడిమట్టితో గోడకు అంటించబోతే సిమెంటు పట్టనివ్వలేదు, ఒక్కొక్కటే జారి పడ్డాయి. అత్త ఆ చప్పుడు విన్నది.

"వదిలెయ్ పిల్లా. ఏది యాడుండాల్నో నీకేం తెలుసు," అన్నది.

అప్పటి నుంచి ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుంటే తప్ప మంచం దిగలేదు. పొయ్యి దగ్గరికి మళ్లీ రాలేదు. వానలు మొదలుకాకముందే పోయింది.

చాలా ఏళ్ల తర్వాత, నాకు యాభై దాటాక, పెద్దోళ్లకు రాత్రిబడిలో చదువు చెప్పే పంతులమ్మ నా వేలు పట్టుకుని పలక మీద 'అ' దిద్దించింది. వేలి కింద ఆ గరుకు తగలగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాను. నేను చదవడం నేర్చుకునేనాటికి, చదవాల్సిన గోడ లేదు.