చౌడు వేయని మిద్దె

కోర్టు తీర్పుల మీద ఒక మాసపత్రికకు వ్యాఖ్యలు రాస్తుంటాను. భూమి తగాదా, విడాకులు, చెక్కు బౌన్సు, ఏ తీర్పైనా సరే, అందులో ఒక మాట దొరికితే చాలు, రెండు పేజీలు నములుతాను. కర్నూలు కోర్టులో తోటి వకీళ్లు "ఈ నెల ఏ మాటను ఉతికినారు మేడమ్?" అని ఆట పట్టిస్తారు. ఒకసారి 'యథాతథ స్థితి'ని ఉతికాను. దావా తేలేదాకా ఆస్తిని ఉన్నది ఉన్నట్టు ఉంచమని కోర్టు ఇచ్చే ఉత్తర్వు అది. అమ్మకూడదు, పడగొట్టకూడదు, కొత్తగా కట్టకూడదు. శుభ్రంగా విడమరిచి రాశాననుకున్నాను.

కొన్నాళ్లకు ఓర్వకల్లు వైపు పల్లె నుంచి ముసలి ఆలుమగలు వచ్చారు. కూలికి పోయే చర్చి మనుషులు. ఉన్న ఒక్క మట్టి మిద్దె కోసం ఆయనకు తమ్ముడితో ఏళ్ల తరబడి దావా. వాళ్ల వకీలు చనిపోతే కేసు నా దగ్గరికి వచ్చింది. కాగితాలు తిరగేస్తే మొదట్లోనే యథాతథ స్థితి ఉత్తర్వు ఉంది. ఇల్లు ఒకసారి చూద్దామని పోయాను.

గోడలు నిలబడే ఉన్నాయి. పైకప్పు సగం నడింట్లో కూలింది. మిగిలిన దూలాలు కుళ్లి నల్లబడ్డాయి. మా సీమలో మట్టి మిద్దె ఉన్నవాళ్లు ఏటా వానలకు ముందు పైన చౌడు మట్టి పరుస్తారు. లేకపోతే మిద్దె కురుస్తుంది. ఇది పిల్లలకు కూడా తెలిసిన సంగతే.

"చౌడు వేయలేదా?" అన్నాను, కొంచెం కోపంగానే.

"కోర్టు ఉన్నదున్నట్టే ఉండాలనింది గదమ్మా," అన్నాడాయన. "చౌడేస్తే మార్చినట్టు కాదా? జైల్లో ఏస్తారేమోనని శానా భయపడితి."

"నేను చౌడు గంప ఎత్తుకుంటే ఈయప్ప నిచ్చెన గుంజేసినాడు లాయరమ్మా," అనింది ఆమె. "వానొచ్చినప్పుడల్లా గిన్నెలు పెట్టుకోని కూర్చుంటిమి. మొన్నటి వానకు పడిపాయె. ఇప్పుడు చర్చి వసారాలో పండుకుంటాండాం."

నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు. ఆ మనిషి కోర్టు మాటను దేవుని వాక్యంలా పాటించాడు. చౌడు వేసుకోవడానికి ఆ ఉత్తర్వు అడ్డమే కాదు. అనుమానముంటే కోర్టును ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఆ సంగతి వాళ్లకు చెప్పిన నాథుడు లేడు. నేను ఉతికిన రెండు పేజీల్లోనూ ఇంటి మరమ్మతు ఊసే లేదు. మేం వకీళ్లం వకీళ్ల కోసమే రాసుకుంటాం, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ బాధే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మరమ్మతుకు అర్జీ పెట్టాను. అది విచారణకు వచ్చేలోపే మిగతా సగమూ పడిపోయింది.

చివరికి తీర్పు వాళ్ల వైపే వచ్చింది. ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. ఆమె ఎత్తింది.

"అమ్మా, గెలిచినాం. ఇల్లు మీదేనని చెప్పినారు," అన్నాను.

"ఏ ఇల్లమ్మా?" అనింది.

ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చాడని సామెత. ఆమె చర్చి వసారాలో ఏడ్చింది.