పోగులు వేసే పేతురు

పొట్టేలును కోసేవాడు తినడానికి పనికిరాని ముక్కను కుక్కకు వేస్తే అది తప్పు ఎట్లా అవుతుంది? ఈ ప్రశ్న చాలాకాలంగా మనసులో తిరుగుతూనే ఉంది. జవాబు దొరకలేదు, ఇక దొరుకుతుందన్న ఆశ కూడా లేదు. పేతురు సంగతి చెప్పుకుంటే ఆ ప్రశ్న ఎక్కడ పుట్టిందో మాత్రం తెలుస్తుంది.

కొనకనమిట్ల దగ్గరి ఒక పాలెంలో అందరూ కూలికి పోయేవాళ్ళే. పండగ వస్తే నాలుగిళ్ళవాళ్ళు కలిసి ఒక పొట్టేలును కొంటారు. కోసి ఇంటికో వాటాగా పోగులు వేసే పని పేతురుది. చర్చి వెనక తాటాకులు పరిచి, పంచె ఎగగట్టి కూర్చునేవాడు. తక్కెడ ముట్టుకునేవాడు కాదు. కండ, ఎముక, కొవ్వు, కార్జం అన్నీ ప్రతి పోగులోకీ వచ్చేలా చేత్తోనే సర్దేవాడు. ఏ పోగు చూసినా పక్క పోగుకు కవల పిల్లలా ఉండేది.

పోగులు పెట్టడం అయ్యాక ఒక పిల్లను వీపు తిప్పి నిలబెట్టేవాడు. తను ఒక పోగు మీద చేయి ఉంచి, "ఇది ఎవురికి?" అనేవాడు. ఆ పిల్ల వెనక్కి చూడకుండా ఏ పేరు చెబితే పోగు ఆ ఇంటికి. చూడని పిల్ల నోట వచ్చిన పేరు కాబట్టి ఎవరూ పేచీ పెట్టేవాళ్ళు కాదు. ఈమధ్య ఆ పేర్లు చెప్పే పని ఇందుది. ఇందు పేతురు పక్కింటి సంతోషమ్మ కూతురు. ఆ పిల్లకు పేతురు ఇంటి ముందే పొద్దు గడిచేది. ఆయన భార్య పోయింది, కూతురు ప్రశాంతి పామూరులో కాపురం ఉంటోంది. ఇంట్లో ఆయనకు తోడు ఒక బక్క కుక్క. పేరు టైగర్. ఇందు దాని మెడ చుట్టూ చేతులేసి పడుకునేది.

కొన్ని పొట్టేళ్ళ కార్జంలో తెల్లటి నీళ్ళబుడ్డలు కనపడతాయి. గోళీకాయంతవి కొన్ని, నిమ్మకాయంతవి కొన్ని. అవి ఎవరి పోగులోకీ పోకూడదని పేతురు పంతం. కత్తి మొనతో చుట్టూ కోసి తీసి టైగర్ వైపు విసిరేవాడు. "దానికీ ఒక పోగు ఉండాల గదా" అనేవాడు. ఆయన చేతి శుభ్రతకు అదే గుర్తని పాలెమంతా చెప్పుకునేది.

ఇందు కుడి డొక్కలో బరువు మొదలయింది. సగం ముద్దకే కడుపు నిండిందనేది. పాస్టరు గారు తల మీద చేయి పెట్టి ప్రార్థన చేశారు. తరువాత సంతోషమ్మ పిల్లను మార్కాపురం తీసుకుపోయింది. స్కానింగులో కార్జంలో నీళ్ళబుడ్డ కనపడింది. అది ఏ రకం బుడ్డో తేల్చుకోవడానికి డాక్టరు రక్తపరీక్ష రాశాడు. ల్యాబు నడిపే జీవానందం ఆమెకు తమ్ముడి వరస. రక్తం తీసి హైదరాబాదు పంపించాడు. జవాబు పాజిటివ్ అని వచ్చింది.

"అంటే పురుగును చూసినారా?" అని అడిగింది సంతోషమ్మ.

"పురుగును ఎవరూ చూడరక్కా. పరాయిది ఒంట్లోకి వస్తే రక్తం దాని మీద కాపలా పెడతాది. యాంటీబాడీలంటారు. ఒక్కో పురుగుకు ఒక్కో రకం కాపలా. మేము ఆ కాపలావాళ్ళ కోసం చూస్తాం. పాప రక్తంలో ఉండారు. అంటే ఆ పురుగు వచ్చినట్టే."

"ఎవురి నుంచి వచ్చింది?"

"అది పరీక్షలో తెలవదక్కా."

పరీక్ష చెప్పలేనిదాన్ని డాక్టరు కొంత చెప్పాడు. గొర్రెల కార్జంలోని బుడ్డలు కుక్క తింటే దాని పేగుల్లో చిన్న పురుగులవుతాయి. వాటి గుడ్లు కుక్క దొడ్డికి పోయినప్పుడు బయటపడి బొచ్చుకు, మట్టికి అంటుకుంటాయి. పిల్లలు కుక్కను పట్టుకుని ఆ చేతులతోనే తింటారు. లోపలికి పోయిన గుడ్డు కార్జంలో ఏళ్ళ తరబడి బుడ్డగా పెరుగుతుంది. వింటున్నంతసేపూ సంతోషమ్మకు టైగర్ మెడ చుట్టూ ఉన్న పిల్ల చేతులే కనపడ్డాయి.

ఆ మాట ఆమె మొగుడు శ్యాంసన్ నోట పాలెంలో పడింది. ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర, పొట్టేలు వాటాదారుల్లో ఒకడైన అబ్రహాము నవ్వుతూనే అన్నాడు.

"పేతురు మామా, నీ టైగరుగాడికి కూడా బాప్తిస్మం ఇప్పించు. లోపలి పురుగులు పోతాయి."

నలుగురు నవ్వారు. శ్యాంసన్ నవ్వలేదు. "అది బాప్తిస్మంతో పోదులే. బుడ్డలేసి మేపినోడు ఉండాడు గదా, ఆయన్ని అడుగు" అన్నాడు.

పేతురు చెప్పుల కోసం వెతుకుతూ ఉండిపోయాడు. చెప్పులు ఆయన కాళ్ళకే ఉన్నాయి.

మరుసటి దినం సంతోషమ్మ మార్కాపురం బస్సెక్కితే ఆయన కూడా ఎక్కాడు. ల్యాబులో చొక్కా చేయి పైకి మడిచి బల్ల మీద పెట్టాడు.

"నాది గూడా తియ్యి నాయనా."

"నీకేం నొప్పి లేదు గదా పెద్దాయనా," అన్నాడు జీవానందం.

"లేదు. అయినా తియ్యి."

తిరుగు బస్సులో కిటికీ వైపు చూస్తూ ఆయనే చెప్పాడు. "నాక్కూడా ఉండాలమ్మాయ్. ఉంటే పిల్లా నేనూ ఒకటే వానకు తడిసినట్టు. లేకపోతే ఇచ్చినోడుగా నేనొక్కడినే మిగుల్తా."

జబ్బు తన ఒంట్లో ఉండాలని కోరుకునే మనిషిని సంతోషమ్మ అంతకుముందు చూడలేదు.

జవాబు వచ్చింది. నెగెటివ్.

"అదృష్టవంతుడివి మామా, నీకేమీ లేదంట," అన్నాడు అబ్రహాము. ఈసారి వెటకారం లేదు.

"ఏమీ లేదంట," అన్నాడు పేతురు. సావు కబురు విన్నవాడిలా అన్నాడు.

ఆ సాయంత్రమే జీవానందం సంతోషమ్మకు ఫోను చేశాడు. ఇందు ఆపరేషనుకు గుంటూరులో ఎవరిని కలవాలో చెప్పి, పెట్టేయబోతూ అన్నాడు. "పెద్దాయనకు ఒక మాట చెప్పక్కా. లేదని వస్తే లేనట్టే అనుకోవద్దు. బుడ్డ గట్టిగా మూసుకోనుంటే ఒక్కోసారి రక్తానికి దాని సంగతే తెలవదు. కాపలా పెట్టదు. కడుపు స్కానింగ్ చేయించుకోమను. ఇన్నేళ్ళు ఆ కుక్కతోనే ఉండె గదా."

"చెప్తాలే," అంది.

చెప్పలేదు. మధ్యలో ఉన్నది ఒక దడి. అవతల పేతురు టైగర్‌కు డాక్టరు చెప్పిన పురుగుల మాత్ర రొట్టెముక్కలో పెట్టి తినిపిస్తున్నాడు. దాన్ని తాడుతో కట్టేసి, తినేదాకా చూసి, చేతులు సబ్బుతో మళ్ళీ మళ్ళీ కడుక్కుంటున్నాడు. ఆమె దడి దగ్గరికి పోయింది, నిలబడింది, వెనక్కి వచ్చింది. చెబితే ఆయన కూడా ఇందులాగే జబ్బు సోకినవాడే కావచ్చు. అప్పుడు కోపం ఎవరి మీద పెట్టుకోవాలి? ఒకసారి తన పోగులోనే చిన్న బుడ్డ కనపడితే తీసి దడి మీదుగా కుక్కకు వేసింది తనే. అది గుర్తొచ్చినప్పుడల్లా పేతురు మీద కోపం ఇంకాస్త గట్టిపడేది.

గుంటూరులో పిల్లకు ఆపరేషను అయింది. బుడ్డ తీసేశారు. పిల్ల సన్నబడి ఇంటికొచ్చింది. ఆ రోజు పేతురు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

"తాతా, టైగర్ ఏది?" అంది ఇందు మంచం మీద నుంచే.

"కట్టేసినాను తల్లీ."

సంతోషమ్మ లోపలికి రమ్మనలేదు. స్కానింగ్ మాట నాలుక మీదే ఉంది. శ్యాంసన్ ఉన్నాడు కదా, రేపు చెబుదామనుకుంది. ఆ రేపు చర్చిలో జరిగే కోత పండగ దాకా రాలేదు.

పండగకు పొట్టేలు వచ్చింది. కోయడానికి వేరే మనిషిని పిలుద్దామని కొందరన్నారు. వేరేవాళ్ళు వేస్తే పోగులు సమంగా కుదరవని ఇంకొందరన్నారు. చివరికి పేతురునే పిలిచారు. ఆయన గడ్డపార తెచ్చుకుని ముందుగా మోకాలి లోతు గుంట తీశాడు. ఆ పొట్టేలు కార్జంలో కూడా బుడ్డలున్నాయి. ఒక్కొక్కటే తీసి గుంటలో వేసి, పైన సున్నం చల్లి మట్టి కప్పి, బండరాయి పెట్టాడు. అందరూ చూస్తున్నారు. తరువాత ఎప్పటిలాగే పోగులు సర్దాడు.

"పేర్లు నేను చెప్తా," అంది ఇందు. సంతోషమ్మ వద్దనలేకపోయింది. పిల్ల వీపు తిప్పి చర్చి గోడ వైపు నిలబడింది.

"ఇది ఎవురికి?"

"అబ్రహాము పెదనాయనకి."

"ఇది?"

"మాకు."

సంతోషమ్మ గిన్నె పట్టింది. పోగు గిన్నెలో వేస్తూ పేతురు తలెత్తలేదు. పండగ రోజు అందరిలో ఎందుకు, గిన్నె ఇంట్లో పెట్టి వచ్చి పక్కకు పిలిచి స్కానింగ్ సంగతి చెబుదామనుకుంది. పరుగులాంటి నడకతో పోయింది. గిన్నె మీద మూత పెట్టింది, పైన రాయి పెట్టింది, వచ్చింది.

వచ్చేసరికి జనం పల్చబడ్డారు. తాటాకు మీద ఒక్క పోగే మిగిలి ఉంది. ఇందు ఇంకా గోడ వైపే నిలబడి ఉంది.

"అది పేతురు తాతదే, ఇంకెవురిది?" అంటోంది పిల్ల, వెనక ఎవరో అడిగినట్టు. "తాతా, అడగవే?"

సంతోషమ్మ మళ్ళీ దడి దగ్గరికి పరుగెత్తింది; ఇందాక హడావిడిలో చూసుకోలేదు, కుక్కను కట్టే తాడు లేదు. పేతురు తలుపుకు తాళం వేసి ఉంది. పొదిలి రోడ్డు మీద, పామూరు బస్సు ఆగే చోటికి కొంచెం ఇవతల, తలగుడ్డ కట్టిన మనిషి ఒక సంచి, ఒక బక్క కుక్కతో పోతున్నాడు. సంతోషమ్మ నోరు తెరిచింది. మామా అని పిలిస్తే వినపడేంత దూరమే. ఆయన వెనక్కి తిరగలేదు.